స్పూలీ అనే పాత మాట

అబర్డీన్, తోళ్ళ కార్ఖానా వెనక వీధి
1868 సెప్టెంబరు 3

బేతీ అక్కకి,

నువ్వు రాయలేదు. బండి తోలే లెస్లీ చెప్పాడు. సున్నపు గుంటలోంచి తోలు పైకి లాగుతుంటే గేటు దగ్గర్నుంచి అరిచాడు: "ఒరే ఏడమ్, మీ అక్క ఇంటికి కప్పు లేదు, తెలుసా నీకు?" గాలికి లేచిపోయిందేమో అనుకున్నాను. గాలి కాదు, దొర దగ్గరి దివాను మెల్‌డ్రమ్ దించేయించాడు అన్నాడు లెస్లీ. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నా చేతిలోంచి తోలు జారిపోయింది.

నాన్న ఆ ఇల్లు కట్టిన రోజున డార్గ్ కొండ ఎవరిదీ కాదు. పొయ్యిలోకి పీటు మట్టి తవ్వుకున్నవాడిది, గొర్రెని తోలుకున్నవాడిది. తర్వాత ఇద్దరు దొరలు కోర్టుకెళ్ళి కొండని రొట్టె కోసినట్టు కోసుకున్నారు. మనం ఆ రొట్టె మీది చీమలమయ్యాం. కౌలు కట్టమన్నారు. బావ రాళ్ళ గనిలో పోయాక నువ్వెక్కడి నుంచి కడతావు?

సరే, నేల దొరదే అనుకుందాం. గోడ రాళ్ళు ఆ నేలలోవే, అవీ వాడివే. దూలాలో? మన వైపు ఇల్లు ఖాళీ చేసేవాడు తన దూలాలు తను దించుకుని పోతాడు, ఇంకో చోట నిలబెట్టుకుంటాడు. చెట్టు కొన్నది నాన్న, చెక్కింది నాన్న. వాటిని బండెక్కించే హక్కు దివానుకి ఎవడిచ్చాడు?

ఏమేం పట్టుకుపోయారు, ఎవరెవరు వచ్చారు, నువ్వేం చేశావు, అన్నీ రాయి. నువ్వూ నీ కూతురు గిర్జీ ఎక్కడ పడుకుంటున్నారో అది ముందు రాయి.

నీ తమ్ముడు
ఏడమ్ లిటిల్‌జాన్


డార్గ్ కొండ
సెప్టెంబరు 10

ఏడమ్‌కి అక్క దీవెనలు.

కంగారు పడకు. మార్గెట్ ముసలమ్మ కొట్టంలో చోటిచ్చింది. ఒక పక్క ఆవు, ఒక పక్క మేము. ఆవు ఊపిరికి వెచ్చగానే ఉంది. గిర్జీకి కాస్త దగ్గు. దానికి ఆవు మీద ప్రేమ పుట్టింది, నా మాట వినకపోయినా ఆవు మాట వింటోంది.

మార్టిన్‌మస్ పండగ దాకా ఉండమంది మార్గెట్. నవంబరు పదకొండు దాటితే మమ్మల్ని ఉంచుకున్నందుకు ఆమెనీ ఖాళీ చేయిస్తారట. ఈలోగా కప్పున్న చోటు దొరకాలి. లేకపోతే బీదల ఇంటికి పంపుతారు. అక్కడ తల్లిని ఒక గదిలో పెట్టి, పిల్లని ఎవరో తెలియనివాళ్ళ ఇంట్లో పెంపకానికి ఇస్తారు. ఇన్నెస్ వాళ్ళ పిల్లల్ని అలాగే ఇచ్చారు కదా, ఇప్పుడు వాళ్ళు తల్లిని గుర్తుపట్టరు. నా భయమంతా అదొక్కటే. మిగతావి ఓర్చుకోగలను.

నువ్వడిగావు కాబట్టి రాస్తున్నాను. వచ్చినవాళ్ళు పెద్దమనుషుల్లా వచ్చారు, పెద్దమనుషుల్లా వెళ్ళారు. నేను చేయాల్సింది నేను చేశాను. జంట దూలాలూ, అడ్డ వాసాలూ, తలుపూ పోయాయి. ఎవరొచ్చారన్నది వదిలెయ్, అందరూ మనకి తెలిసినవాళ్ళే.

పీటు పార కర్ర ఆ రోజే విరిగింది. అక్కడ చవగ్గా దొరికితే లెస్లీ బండిలో ఒకటి పంపు.

బేతీ


అబర్డీన్
సెప్టెంబరు 16

అక్కా,

"పెద్దమనుషుల్లా వచ్చారు" అట. ఆ వెటకారం అచ్చం నాన్నదే. పార కర్ర ఎలా విరిగిందో నాకు చెప్పక్కర్లేదు, అర్థమైంది. వాళ్ళలో ఎవడి వీపు మీద విరిగిందో కూడా చెబితే సంతోషిస్తాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నేనుండే ఇంట్లో పై గదిలో పిరీ అని ఒకాయన ఉంటాడు. ప్లీడరు ఆఫీసులో కాగితాలకి నకళ్ళు రాస్తాడు. పొద్దున న్యాయం, సాయంత్రం విస్కీ. నీ ఉత్తరం చూపించాను. "కోర్టు ఉత్తర్వు ఏమైనా చూపించారా మీ అక్కకి?" అన్నాడు. లేదు, దివాను నోటిమాటే అన్నాను. గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఇది స్పూలీరా అబ్బాయ్."

తాగి కూస్తున్నాడనుకున్నాను. కాదు. అది మన మాటే, మన దేశపు కోర్టు మాట. ఆ మాట పుట్టింది రోములో. చంపిన జంతువు మీంచి ఒలిచిన తోలుకి వాళ్ళు పెట్టుకున్న పేరు అది. అంటే నేను రోజూ దిమ్మ మీద పరిచి గీకే సరుకు. తర్వాత యుద్ధంలో చచ్చినవాడి ఒంటి మీంచి ఊడబీకిన కవచానికీ అదే పేరయింది. మనిషిని కూడా ఒలవొచ్చని ఎవడికో తట్టిందన్నమాట. ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి, మన రాజులు ఫ్రాన్సుతో చుట్టరికం కలిపిన కాలంలో ఇక్కడికి చేరింది. ఒక దొర మనుషులు గుర్రాలెక్కి వచ్చి ఇంకొకడి ఆవుల్నీ పరుపునీ పొయ్యి మీది గొలుసునీ ఎత్తుకుపోతే దాని పేరు స్పూలీ. నిలువుదోపిడీ. పాత కోర్టు కాగితాల నిండా అదే ఏడుపట. ఏడ్చేది ఎక్కువగా విధవలేనట.

చట్టం ఏమంటుందంటే, సొంతదారు ఒప్పుకోలు లేకుండా, కోర్టు ఉత్తర్వు లేకుండా పట్టుకుపోతే ముందు దాన్ని తెచ్చి ఇవ్వాలి. నేల ఎవరిది, బాకీ ఉందా లేదా అనే వాదనలన్నీ తర్వాతే. ఈ కాలం ప్లీడర్లు దాన్ని అటకెక్కించారు కానీ చట్టం చావలేదంటాడు పిరీ. మార్టిన్‌మస్‌కి ముందే నీ దూలాలు నీ గోడల మీదకి రావొచ్చు.

నీకు బీదల తరఫు ప్లీడరు దొరకాలంటే పాస్టరుగారి సంతకం కావాలి. రేపే వెళ్ళు. దగ్గుకి తేనె పట్టించు.

ఏడమ్


డార్గ్ కొండ
సెప్టెంబరు 24

ఏడమ్,

పాస్టరుగారు సంతకం పెట్టారు. మూతి ముడుచుకునే పెట్టారు. దొరగారు చర్చికి కొత్త పలకల కప్పు వేయించారని గుర్తుచేశారు. ఆయన కప్పు గురించే మాట్లాడుతున్నారు, నా కప్పు గురించి కాదు.

ఆ మాట నాకు తెలియకపోవడమేమిటి. మనం పక్కవాళ్ళ దొడ్లో బఠాణీ కాయలు ఒలుచుకు తింటే నాన్నమ్మ "స్పూలీ వెధవల్లారా" అంటూ తరిమేది కాదూ. వీపు మీద దెబ్బలు తినిపించిన మాట ఇప్పుడు మన తరఫు ప్లీడరయిందంటే నవ్వొచ్చింది. చాలా రోజులకి నవ్వాను.

కానీ ఒకటి చెప్పు. ఈ దావా దివాను మీదేనా, పైకెక్కి దించిన కుర్రాళ్ళ మీద కూడానా? వాళ్ళని జైల్లో పెట్టించే పనైతే నాకొద్దు. వాళ్ళు దొర దగ్గర కూలికున్నారు, చెప్పింది చేశారు. అందుకే పేర్లు రాయలేదు. నన్ను బలవంతపెట్టకు.

గిర్జీ తేనె తాగింది. దగ్గు మాత్రం తగ్గలేదు. కొట్టంలో తడి.

బేతీ


అబర్డీన్
అక్టోబరు 5

అక్కా,

దావా వేశాం. కుర్రాళ్ళ ఊసు ఎత్తలేదు, దివాను ఒక్కడి మీదే. ప్లీడరు చెయ్యి చాపితే పిరీ కాగితం అందించాడు, నేను పక్కన నిలబడి చెబుతూ పోయాను. "వాదిని తలుపుకి అడ్డంగా నిలబడి, పీటు పారతో ఎదిరించి, ఆ పార కర్ర విరిగేదాకా వాళ్ళని లోపలికి రానివ్వలేదు" అని రాయించాను. చదువుతుంటే నా ఒళ్ళు గగుర్పొడిచింది. ప్లీడరు కళ్ళజోడు సర్దుకుని "నిజమేనా?" అన్నాడు. మా అక్క సంగతి మీకు తెలియదన్నాను.

ఇక్కడ కార్ఖానాలో అందరికీ తెలిసిపోయింది. మొన్న మేస్త్రీ కూడా "మీ అక్కని ఇక్కడికి రమ్మనరా, ఈ ఎద్దు తోళ్ళతో పోట్లాడే మనిషి కావాలి" అన్నాడు. వాడు అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పార పంపుతున్నాను. గట్టి యాష్ చెట్టు కర్ర.

ఏడమ్


డార్గ్ కొండ
అక్టోబరు 14

ఏడమ్,

ఎంత పని చేశావురా.

దివాను గుమాస్తా నీ కాగితం నకలు తెచ్చి ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గోడ దగ్గర అందరికీ చదివి వినిపించాడు. "పారతో ఎదిరించి" అన్న చోట ఆగి నా వైపు చూశాడు. జనం పగలబడి నవ్వారు. మార్గెట్ "ఏమే బేతీ, యుద్ధం చేశావని మాకు చెప్పనేలేదే" అంది. క్రుక్‌షాంక్ కుర్రాళ్ళ తల్లి నవ్వలేదు. నా దగ్గరికొచ్చి "నా కొడుకుల్ని పారతో కొట్టావా? నీ చేతి రొట్టె తిని వచ్చామన్నారే వాళ్ళు" అంది. 

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇది ముందే రాయాల్సింది.

ఆ రోజు వాన. ఆరుగురు వచ్చారు. క్రుక్‌షాంక్ అన్నదమ్ములిద్దరూ టోపీలు తీసి గుమ్మంలో నిలబడ్డారు. పెద్దవాడు జాక్ "వదినా, మేం దించకపోతే ఆయన ఇంకెవర్నో పంపుతాడు. వాళ్ళు విరగ్గొట్టేస్తారు" అన్నాడు. నిజమే కదా అనిపించింది. నా ఆలోచనంతా దూలాలు విరగకూడదనే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కప్పు దించడానికి వచ్చినవాళ్ళకి ఆ ఇంటివాళ్ళే తిండి పెట్టడం మన ఆనవాయితీ కదా. ఓట్స్ రొట్టెలు కాల్చాను, పాలు కాచి ఇచ్చాను. నిచ్చెన పట్టుకున్నాను. "మెల్లిగా నాయనా, ఆ చివర చీలి ఉంది" అని చెబుతూనే ఉన్నాను. దూలం మొదలు గోడలో ఇరుక్కుంటే నేనే పార దూర్చి ఎత్తాను. అప్పుడే కర్ర విరిగింది.

దించినవి గోడ పక్కన పేర్చి పోతారనుకున్నాను. నా సామాను నాకు వదులుతారనుకున్నాను. ఆ తర్వాత బండి వచ్చింది. ఎక్కించారు. ఆగండి అనలేదా అంటావు. అనలేదు.  వాళ్ళు పాలు తాగిన గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను.

పెద్దమనుషుల్లా వచ్చారని నేను రాసింది వెటకారం కాదు. నువ్వు నన్నడిగి రాయించి ఉంటే ఎవరికీ నవ్వే వీలుండేది కాదు.

బేతీ


అబర్డీన్
అక్టోబరు 19

అక్కా,

నాకు కోపం వస్తోంది, ఎవరి మీదో తెలియడం లేదు. రొట్టెలు కాల్చావా? ఒలవడానికి వచ్చినవాడికి కత్తి నూరి ఇచ్చావా?

సరే. అది అయిపోయింది. ఇది విను.

దివాను ప్లీడరు సాక్షుల్ని పిలవడం లేదు. క్రుక్‌షాంక్‌లు నోరు విప్పేది లేదన్నారట. మిగతావాళ్ళు జీతగాళ్ళు, వాళ్ళ మాట ఎవడు నమ్ముతాడు. అందుకని వాడు పాత చట్టంలోంచి ఇంకో ఎత్తు తీశాడు. మొత్తం వ్యవహారం నీ ప్రమాణానికే వదిలేశాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి నువ్వు ఏం చెబితే అదే తీర్పు. నీ మాటకి ఎదురు సాక్ష్యం ఉండదు. నువ్వు "నేను ఒప్పుకోలేదు" అంటే దూలాలు నీవి. "ఒప్పుకున్నాను" అంటే వాడివి.

ఇది వినగానే గెలిచామని ఎగిరాను. పిరీ ఎగరలేదు. "మీ అక్క అబద్ధమాడదని ఆ దివానుకి తెలుసురా. ఆమె మంచితనం మీద పందెం కాశాడు" అన్నాడు.

పందెం ఓడించు. కర్ర సంగతి, రొట్టెల సంగతి ఎత్తకు. ఒక్క మాట, "ఒప్పుకోలేదు", అంతే. లేచి వచ్చెయ్. ఆ ఒక్క మాటకి దేవుడు నిన్ను శిక్షిస్తాడనుకుంటే ఆ శిక్ష నా పద్దులో రాయమను. లేకపోతే గిర్జీ ఎవరి ఇంటికో పోతుంది. ఆ దేవుడికి ఇది ఇష్టమా, అది ఇష్టమా?

కిర్క్‌టన్ సత్రంలో ప్రమాణం తీసుకుంటారట. నేను రావాలని అడిగాను. చలికాలం తోళ్ళు గుంటల్లో ఉన్నాయి, వెళ్ళినవాడు మళ్ళీ గేటు దాటి రానక్కర్లేదు అన్నాడు మేస్త్రీ. నా కూలి పోతే నీకు పంపడానికి ఇంకేమీ ఉండదు. అందుకని ఉత్తరమే వస్తోంది, నేను కాదు.

కాళ్ళు పట్టుకుంటాను అక్కా.

ఏడమ్


డార్గ్ కొండ
అక్టోబరు 30

ఏడమ్,

అయిపోయింది.

సత్రం పై గదిలో బల్ల వేశారు. కోర్టు పంపిన ఆయన ముసలాయన, మంచివాడే. కుర్చీ వేయించాడు. ఆయన పక్కన రాసే కుర్రాడు. గోడ దగ్గర దివాను, టోపీ ఒళ్ళో పెట్టుకుని. పుస్తకం మీద చెయ్యి పెట్టాను.

"వచ్చినవాళ్ళని లోపలికి రానిచ్చారా?"

"వాన పడుతోందండి."

"అవునా, కాదా అమ్మా?"

"అవును."

"వాళ్ళకి తిండి పెట్టారా?"

"పెట్టాను."

"దూలాలు దించమన్నారా?"

"మెల్లిగా దించమన్నాను."

ఆయన రాసే కుర్రాడి వైపు తిరిగి "మెల్లిగా అన్నది రాయక్కర్లేదు" అన్నాడు.

"బండెక్కిస్తుంటే వద్దని చెప్పారా?"

"ఎక్కిస్తారని అనుకోలేదండి."

"చెప్పారా, లేదా?"

"లేదు."

నువ్వు చెప్పమన్న మాట నోటిదాకా వచ్చిందిరా. అది అబద్ధం కూడా కాదు. నేను ఇవ్వలేదు. నా మనసులో ఏ మూలా ఇవ్వలేదు. కానీ ఇచ్చావా అని ఎవరూ అడగలేదు. వాళ్ళడిగిన వాటన్నిటికీ ఒకే జవాబుంది, అదే చెప్పాను. ఇంకా ఏదైనా చెప్పుకోవాలా అని ఆయన అడుగుతాడేమోనని కూర్చున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నాడు.

బయటికొస్తుంటే దివాను తలుపు తీసి పట్టుకున్నాడు. "జాగ్రత్త బేతీ, మెట్లు తడిగా ఉన్నాయి" అన్నాడు.

కోపగించుకోకు. కోపగించుకున్నా రాయడం మానకు. గిర్జీ దగ్గితే ఇప్పుడు పక్క ఎగిరిపడుతోంది.

బేతీ


అబర్డీన్
నవంబరు 3

అక్కా,

దావా కొట్టేశారు. దూలాలు చట్టప్రకారం ఇప్పుడు మెల్‌డ్రమ్‌వి. పిరీ నాకు గ్లాసు పోశాడు, నేను తాగలేదు, గోడకేసి కొట్టాను.

రోము నుంచి ఇక్కడిదాకా ఇన్ని వందల ఏళ్ళు నడిచొచ్చిన మాట, ఒక విధవ గుమ్మం దగ్గరికొచ్చేసరికి కుంటిదైపోయింది. ఒలిచేవాడికి దండం పెట్టి పాలిస్తే అది ఒలవడం కాదట. నా దిమ్మ మీదికి వచ్చే దూడలన్నీ అలాగే కదా, కసాయివాడి చెయ్యి నాకుతూ వస్తాయి.

నేనుండే ఇంటి యజమానురాలిని అడిగాను, నిన్నూ గిర్జీనీ తెచ్చుకుంటానని. "ఇది మగవాళ్ళ వసతి. పిల్లయితే వంటింట్లో నాతో పడుకుంటుంది. ఆడమనిషిని ఉంచను" అంది. ఆ మాటకి తలుపు తన్నాను. తర్వాత ఆవిడ దగ్గరికెళ్ళి క్షమించమని అడిగాను, ఎందుకంటే వేరే తలుపు లేదు.

తోలు గీకే కత్తికి రెండు పిడులుంటాయి. రెండు చేతులా పట్టుకుంటే ఏ చర్మమైనా లేస్తుంది. రోజంతా మెల్‌డ్రమ్ గురించే ఆలోచిస్తున్నాను.

ఏడమ్


డార్గ్ కొండ, మన ఇంట్లో
నవంబరు 9

ఏడమ్,

పైన రాసింది పొరపాటు కాదు. మన ఇంట్లోంచే రాస్తున్నాను.

నిన్న ఆదివారం. దివానూ, ఊరూ అంతా చర్చిలో ఉండగా క్రుక్‌షాంక్ అన్నదమ్ములు బండి తోలుకొచ్చారు. దివాను వేటకుక్కల కొట్టం కట్టడానికి పెరట్లో పేర్పించిన మన దూలాలు అందులో ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడిపోయాను.

"అబ్బాయిలూ, ఇవాళ ఆదివారం. పని చేస్తే పాపం" అన్నాను.

"తెలుసు వదినా. మిగతా ఆరు రోజులూ ఆయన జీతం తింటున్నాం కదా, ఖాళీ లేదు" అన్నాడు చిన్నవాడు.

జాక్ మాత్రం నా మొహం చూడలేదు. "దావా కాగితంలోనూ సత్రంలోనూ నువ్వు మా పేర్లు ఎత్తలేదని అమ్మ చెప్పింది" అని, భుజం మీదికి దూలం ఎత్తుకున్నాడు. పెద్ద జంటలు రెండే నిలబెట్టగలిగారు. వాటి మీద గడ్డివాముకి వాడే గుడ్డ కప్పి, కొండ మీది హెదర్ పొదలు కోసి బరువుకి వేశారు. సగం ఇల్లే. పొయ్యి ఉన్న సగం. రాత్రి గిర్జీ దగ్గలేదు. ఒక్కసారి కూడా లేవలేదు. నేను పడుకోకుండా అదే వింటూ కూర్చున్నాను.

ఈ పొద్దున కోర్టు బంట్రోతు కాగితం తెచ్చాడు. నువ్వు చెప్పిన మాటే, స్పూలీ, ఈసారి నా పేరు పక్కన ఉంది. సొంతదారు ఒప్పుకోలు లేకుండా పట్టుకొచ్చినందుకు. దొంగతనం కింద ఇంకో కాగితం. బుధవారం వస్తారట, మార్టిన్‌మస్ నాడే.

మళ్ళీ పుస్తకం మీద చెయ్యి పెట్టమంటారు. దివానుని అడిగావా అంటే అడగలేదనే చెబుతాను. ఎవరు మోశారంటే మాత్రం నోరు విప్పను. దానికి జైలంటే జైలే. ఈసారి ఎవరి మాటల్లోనూ చెప్పను, ఎవర్నీ చెప్పనివ్వను.

నువ్వు బయల్దేరి రా. కూలి పోతే పోనీ, ఇంకోటి దొరుకుతుంది. ఆ కత్తి అక్కడే దిమ్మ మీద వదిలేసి రా, నాకు ప్రమాణం చేసి రా. పోట్లాడటానికి కాదు, గిర్జీని తీసుకెళ్ళడానికి. వాళ్ళొచ్చే వేళకి అది బీదల ఇంటి మనిషి చేతికి కాకుండా నీ చేతికి అందాలి. మీ ఇంటి యజమానురాలి వంటింటికి నా దండాలు చెప్పు.

ఎవరైనా అడిగితే దాని పేరు గ్రిజెల్ లిటిల్‌జాన్ అని చెప్పు, మన ఇంటిపేరే పెట్టు. అది నా కోసం అడిగితే అమ్మ పీటు తవ్వడానికి పోయిందని చెప్పు. దానికి చీకటంటే భయం లేదు, తెలియని గోడంటేనే భయం. మొదటి కొన్నాళ్ళు గోడ వైపు పడుకోబెట్టకు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పడుకుంటుంది, ఆ చెయ్యి తీయకు.

నీ అక్క
బేతీ